మూడో ఊపిరి

కిందటి వారం మనం మిరాన్ దగ్గర సెలవు తీసుకునేసరికి ఆమె చేతిలో ఒక ఆసుపత్రి చీటీ ఉంది. చెవినొప్పికని పట్నం వెళ్ళిన సెబ్యోల్‌కి అక్కడివాళ్ళు పనిలో పనిగా ఊపిరి కూడా కొలిచి ఇచ్చిన చీటీ అది. మూడు లీటర్ల ఆరు వందల మిల్లీలీటర్లు. అదే సెబ్యోల్ పదకొండు రోజుల కిందట, సముద్రంలో మునిగే ఆడవాళ్ళ ఊపిరి మీద మిరాన్ చేస్తున్న పరిశోధనలో ఊదితే వచ్చింది ఒక లీటరు తొమ్మిది వందలు. పదకొండు రోజుల్లో ఎవరి ఊపిరీ రెట్టింపు కాదు. యంత్రం చెడిందేమోనని మిరాన్ దాన్ని కారులో వేసుకుని తను పుట్టిన దోల్‌గే ఊరికి వచ్చి, సెబ్యోల్‌ని ఒక్కదాన్నే కూర్చోబెట్టి మళ్ళీ ఊదించింది. మూడు లీటర్ల ఆరు వందలే. "మరి ఆ రోజు ఏమైంది?" అని అడిగితే సెబ్యోల్ తల వంచుకుని, "నన్నడగొద్దక్కా. మల్‌సున్ అత్తని అడుగు," అంది.

అడగడానికే మిరాన్ ఇప్పుడు చలిమంట గది గుమ్మంలో నిలబడి ఉంది. పొద్దున పదకొండున్నర అయింది. ఒడ్డున నల్లరాళ్ళ మీద గాలి గట్టిగా వీస్తోంది. ఊరి హేన్యోలు ఏడుగురు తొమ్మిది గంటలకే సముద్రంలోకి వెళ్ళారు. వీపున గాలి సిలిండరు కూడా లేకుండా, ఉన్న ఊపిరి బిగబట్టి అడుగుకి దిగి గుల్లలు ఏరుకొచ్చే ఆడవాళ్ళు వీళ్ళు. వాళ్ళలో అందరికంటే పెద్దది, అందరికంటే లోతుకి వెళ్ళేది మిరాన్ తల్లి ఒక్‌చున్. వయసు డెబ్బై నాలుగు. ఊళ్ళో ఎవరూ ఆమెను పేరు పెట్టి పిలవరు. అందరికీ ఆమె పెద్దక్కే.

గదిలో మంట చుట్టూ గుండ్రంగా తొమ్మిది పీటలున్నాయి. గాలి తగలని వైపు ఉన్న మొదటి పీట పెద్దక్కది. దాని పక్కది మల్‌సున్‌ది. అలా వయసునీ పనితనాన్నీ బట్టి జరుగుతూ వచ్చి, పొగంతా కళ్ళలోకి కొట్టే గుమ్మం పక్క పీట, సియోల్ నుంచి వచ్చి మూడేళ్ళయిన సెబ్యోల్‌ది. పీటలు మార్చుకోవడమనేది మిరాన్ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. మిరాన్‌కి అక్కడ పీట లేదు. "నువ్వు నీళ్ళలో దిగావంటే కాళ్ళు విరగ్గొడతాను, చదువుకో," అని తల్లి చిన్నప్పుడే తేల్చి చెప్పింది. మిరాన్ చదువుకుంది. ఆ ఇంట్లో విశ్వవిద్యాలయం గడప తొక్కిన మొదటి మనిషి ఆమే.

"రా తల్లీ, చిలగడదుంపలు కాలుతున్నాయి. వేడివేడిగా తిందువుగాని," అంది మల్‌సున్ పుల్లతో నిప్పులు కదుపుతూ. ఆమెకు అరవై ఒకటి. ముప్పై ఏళ్ళుగా సముద్రంలో పెద్దక్కకు జత ఆమే. ఇద్దరూ ఒకరి కనుచూపులో ఒకరు మునుగుతారు, ఒకరు తేలాకే ఇంకొకరు దిగుతారు. ఇవాళ మాత్రం ఒడ్డునే ఉండిపోయింది. మరిది పోయి నాలుగు రోజులే అయింది. చావు జరిగిన ఇంటి మనిషి ఏడు రోజులు గడిస్తే గాని సముద్రాన్ని తాకదు.

"పిన్నీ, నీతో కొంచెం మాట్లాడాలి."

"మాట్లాడు. దుంప నోట్లో ఉంటే మాట రాదా ఏం? ఎక్కడన్నా కూచో. ఆ పీట మీద మాత్రం వద్దు."

మిరాన్ కూర్చోలేదు. చీటీ చాపింది. మల్‌సున్ దాన్ని చేతి దూరంలో పట్టుకుని, కళ్ళు చికిలించి చదివి, గుమ్మంలో మిరాన్ వెనకాల నక్కి ఉన్న సెబ్యోల్ వంక చూసింది.

"ఏమే సియోల్ పిల్లా! నీ ఊపిరికి ఊరంతా చాటింపు వేయించుకొస్తున్నావా?"

"నేనేం చేశానత్తా? డాక్టరు గట్టిగా ఊదమన్నాడు, ఊదాను. అక్కడ నా పక్కన పెద్దక్క లేదు కదా!"

ఆ మాట సెబ్యోల్ నోట్లోంచి జారిపోయింది. ఆమె వెంటనే పెదవి కొరుక్కుంది. మల్‌సున్ పుల్లని నిప్పుల్లో వదిలేసింది.

"పెద్దక్క పక్కనుంటే ఏమవుతుంది?" అని అడిగింది మిరాన్.

సెబ్యోల్ మల్‌సున్ వంక చూసింది.

"పిన్నీ, నిన్నే అడుగుతున్నాను. మా అమ్మ పక్కనుంటే ఏమవుతుంది?"

"ఏమవుతుందేమిటి?" పెద్దవాళ్ళు చెంచా ఎత్తకముందే అన్నం ఎందుకు తినకూడదని పసిపిల్ల అడిగితే ఎలా చూస్తారో, అలా చూసింది మల్‌సున్. "పెద్దక్క కంటే ఎక్కువ ఎలా ఊదుతాం?"

మిరాన్ చీటీ వెనక్కి తీసుకుని మళ్ళీ చూసింది.

"అంటే కావాలని తక్కువ ఊదారా?"

"తక్కువని కాదు. ఎంతలో ఊదాలో అంతలో ఊదాం. పెద్దక్క అంకె వాడు పైకి చదువుతాడు గదా, మీ సహాయకుడు, ఆ కళ్ళజోడు కుర్రాడు. దానికి కాస్త కింద నేను. నాకు కింద మూడో పీట ఆవిడ. అలా వరసగా. కొంచెం అలవాటైతే కష్టమేం కాదులే, బుగ్గల్లో ఆపుకోవాలి. ఈ పిల్లకే మొదట్లో చేతకాలేదు. సుడిగాలిలా ఊదబోయింది. కాలు తొక్కి ఆపాను."

"గోరు ఊడిపోయింది," అంది సెబ్యోల్ మెల్లిగా.

మిరాన్ గోడకు ఆనుకుంది. రాయి చల్లగా వీపుకి తగిలింది. ఆమె కళ్ళ ముందు ఒక బొమ్మ కదిలింది. అది ఆమె మూడేళ్ళ కష్టం. అడ్డంగా తొమ్మిది మంది వయసులు, నిలువుగా వాళ్ళ ఊపిరి. చిన్నవాళ్ళ నుంచి పెద్దవాళ్ళ వైపు మెట్లు కట్టినట్టు పైకి వెళ్ళే గీత. మనుషులందరికీ వయసుతో ఊపిరి తగ్గుతుంటే దోల్‌గే హేన్యోలకు మాత్రం పెరుగుతోంది! 'ఇంత శుభ్రమైన లెక్క నా ఉద్యోగంలో చూడలేదమ్మా,' అని ప్రొఫెసర్ గారు మురిసిపోయారు. లెక్క అంత శుభ్రంగా ఎందుకుందని ఆయనా అడగలేదు, తనూ అడగలేదు. తల్లి ఉన్న జట్టు కాబట్టి పరీక్షల రోజు దగ్గరుండకూడదని తనకు తనే నియమం పెట్టుకుని, దానికి గర్వపడి, దూరంగా కారులో కూర్చుంది. గదిలో ఆ తొమ్మిది పీటల వరసా, కాగితం మీద ఆ తొమ్మిది మెట్ల వరసా ఒకటేనని ఇన్నాళ్ళూ తట్టలేదు.

ఈ ఊళ్ళో పుట్టి పెరిగిన తనకే తట్టలేదు.

"మనసు గురించిన కాగితాలో?" అంది మిరాన్. "దిగులుగా ఉందా, నిద్ర పడుతోందా, బతుకు బరువనిపిస్తోందా అని తొమ్మిది ప్రశ్నలు ఇచ్చాం. అందరూ అన్నిటికీ లేదు, బాగున్నాం అనే రాశారు. అదీ ఇంతేనా?"

"మాలో సగం మందికి కళ్ళజోళ్ళు లేవు. పెద్దక్క పైకి చదివింది. 'దిగులుగా ఉందా? నాకేం దిగులు, లేదు!' అంది. ఆవిడకే లేనప్పుడు మాకెక్కణ్ణుంచి వస్తుందే? అందరం లేదు దగ్గర గీత గీశాం." మల్‌సున్ నవ్వబోయింది గాని ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. "నిద్ర పట్టడం లేదని రాద్దామనుకున్నాన్నేను. చెయ్యి ఆడలేదు."

"ఎన్నాళ్ళ నుంచి నిద్ర లేదు?"

"నీ పరీక్షలు మొదలైనప్పట్నుంచీ."

నిప్పుల్లో దుంప ఒకటి తోలు పగిలి చిటపటమంది. దాన్ని తియ్యాలని ఎవరికీ తోచలేదు.

మిరాన్ మోకాళ్ళ మీద కూర్చుని మల్‌సున్ చేతులు పట్టుకుంది. ఆ వేళ్ళు ఎప్పటిలాగే ఉప్పుకి నాని పగిలి గరుకుగా ఉన్నాయి. "సరే పిన్నీ. మీరంతా తగ్గించి ఊదారు. అది నా తప్పే, ఒక్కొక్కరినీ విడిగా ఊదించాల్సింది. ఆ కాగితాలు చించేస్తాను, ప్రొఫెసర్ గారికి చెప్పేస్తాను, చివాట్లు తింటాను. పోతే నా చదువు పోతుంది. కానీ ఒక్కటి మాత్రం నిజమే కదా? అమ్మ తగ్గించి ఊదలేదు కదా? ఆవిడ ఎవరి కోసం తగ్గించాలి? రెండు లీటర్ల మూడు వందలు. డెబ్బై నాలుగేళ్ళకి అది బంగారం లాంటి ఊపిరి. అదొక్కటీ నిజమే కదా?"

మల్‌సున్ చేతులు వెనక్కి లాక్కోబోయింది. మిరాన్ వదల్లేదు.

"పిన్నీ."

"మొదటి యేడాది," అంది మల్‌సున్ నిప్పుల వంక చూస్తూ, "పెద్దక్క ఊదితే లీటరూ వంద వచ్చింది. రెండోసారి లీటరూ యాభై."

"ఎంత?"

"లీటరూ యాభై. ఊదాక ఒళ్ళు తూలి గోడ పట్టుకుంది. నేనూ చూశాను, ఆ కళ్ళజోడు కుర్రాడు చూళ్ళేదు, రాసుకుంటున్నాడు. సరే, అంతకంటే తక్కువ ఊదాలి గదా మేము? ఊదాం. నేను తొమ్మిది వందలు ఊదాను. నా తర్వాతావిడ ఎనిమిది వందలు. ఆ తర్వాత ఇక యంత్రం ఒప్పుకోలేదు. కీచుమని అరిచి ఎర్రలైటు వెలిగించింది. 'అమ్మా, మీరు సరిగ్గా ఊదడం లేదు, మళ్ళీ ఊదండి' అంటాడు వాడు. ఎంత ఊదితే ఎంత తప్పో తెలీక ఇంకా ఆరుగురు గొట్టం పట్టుకుని నిలబడ్డారు. నవ్వాలో ఏడవాలో తెలీలేదు నాకు. కింద చోటు లేదే తల్లీ, ఎలా దిగుతాం? అందుకని పైది లేపాం."

"పైది లేపడమేంటి?"

"ఒక్కొక్కరు మూడుసార్లు ఊదితే అందులో ఎక్కువ వచ్చింది రాసుకుంటాడు గదా. పెద్దక్క రెండుసార్లు ఊదింది. ఇంకోసారి మిగిలి ఉంది. ఆవిడని ఈ మంట దగ్గరికి తీసుకొచ్చి కూచోబెట్టి, అంకె కుట్టిన ఆ పసుపు చొక్కా విప్పేశాను." మల్‌సున్ గొంతు దాదాపు వినపడనంత తగ్గింది. "నేను తొడుక్కుని వెళ్ళి మూడోది ఊదాను."

మిరాన్ ఆమె చేతులు వదిలేసింది.

నీళ్ళలోంచి పైకొచ్చిన పావుగంట లోపు, సూటు విప్పకుండానే ఊదించాలని నియమం రాసింది తనే. నల్ల రబ్బరు సూటు, తలని బిగించి పట్టే నల్ల టోపీ, ముఖం మీద ఈత అద్దం నొక్కిన ఎర్రటి చార. ఆ వేషంలో తొమ్మిది మందీ ఒక్కలాగే ఉంటారు. పోల్చుకోవడానికే తను ఆ పసుపు చొక్కాలు కుట్టించింది. అంకె ఒకటి. కుర్రాడు అంకె చూశాడు. మనిషిని చూడలేదు.

"మూడేళ్ళూ?"

"మూడేళ్ళూ."

"అమ్మకి తెలుసా?"

"తెలిస్తే నన్ను బతకనిస్తుందా? నీళ్ళలోంచి రాగానే ఆవిడకి చెవులు మూసుకుపోతాయి, వాడు చదివినవేవీ వినపడలేదు. మొదటి ఊపిరికే అంత వచ్చిందనుకుంది. కాగితం చూసుకుని ఎంత సంబరపడిందో నీకేం తెలుసు? 'మల్‌సునా, చూశావా, నా కూతురి యంత్రం చెప్పింది, నాది నలభై ఐదేళ్ళ ఊపిరట!' అని వారం రోజులు అదే మాట. నీ చదువు కోసం మా అందరి ఊపిరీ ఇద్దామనుకున్నాం తల్లీ. మన ఊరి పిల్ల, మన చేతుల మీద పెరిగిన పిల్ల, అంత దూరం చదివింది. దాని కాగితంలో దాని తల్లే అందరికంటే కింద ఉంటే ఎలా? కొంపలు మునిగేదేముంది, కాగితమే గదా అనుకున్నాం."

"అత్తా," అంది సెబ్యోల్, "చలికాలం మీటింగు సంగతి చెప్పు."

చెప్పనక్కర్లేదు. ఆ మీటింగులో నిలబడి మాట్లాడింది మిరానే. డెబ్బై దాటినవాళ్ళు బయటి రాయి దగ్గరి లోతు నీళ్ళకి వెళ్ళకూడదని ఊరి చేపలవాళ్ళ సంఘం తీర్మానం చెయ్యబోయింది. మిరాన్ తన మెట్ల బొమ్మ గోడకు అంటించి, వయసు చూసి కాదు, ఊపిరి చూసి నిర్ణయించండి అని అరగంట చెప్పింది. సంఘం పెద్ద తల ఊపాడు. తీర్మానం ఆగిపోయింది. ముందు వరసలో కూర్చున్న ఒక్‌చున్ ముఖం ఆ రోజు ఎంత వెలిగిపోయిందో! అంత వెలుగు ఆ ముఖంలో మిరాన్ అంతకు ముందు పట్టా పుచ్చుకున్న రోజునే చూసింది.

"మీటింగు అయిపోయాక చెప్పేద్దామనుకున్నాను. మీ ఇంటి దాకా వచ్చి వెనక్కి పోయాను రెండుసార్లు," అంటోంది మల్‌సున్. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోవడం లేదు. "ఆ లీటరూ యాభై విన్నప్పట్నుంచీ ఆవిడ మునిగినప్పుడల్లా నేను పైన ఉండి లెక్కపెడతాను. అరవై దాటితే గుండె ఆగిపోతుంది. డెబ్బైకి తేలుతుంది. ఒక్కోసారి ఎనభై. తేలాక ఈల వేస్తుంది గదా, ఆ ఈల వింటే గాని నాకు ఊపిరి ఆడదు. రాత్రిళ్ళు పడుకున్నా లెక్కే. ఇది ఏ ప్రశ్న కింద రాయాలి తల్లీ, నీ కాగితంలో?"

మిరాన్ చప్పున తలెత్తింది.

"ఇవాళ ఎవరు లెక్కపెడుతున్నారు?"

మల్‌సున్ గుమ్మంలోంచి సముద్రం వైపు చూసింది.

"పిన్నీ, ఇవాళ నువ్వు ఒడ్డున ఉన్నావు. ఇవాళ అమ్మకి జత ఎవరు?"

"జత వద్దంది. మూడో పీట ఆవిడని వెళ్ళమన్నాను. 'నాకు కాపలా ఏంటే, నలభై ఐదేళ్ళ ఊపిరికి' అని నవ్వి..." మల్‌సున్ లేచి నిలబడింది. లేవడంలో కాలు తగిలి పుల్లలు చెల్లాచెదరయ్యాయి. "బయటి రాయికి వెళ్తానంది."

ఎవరు ముందు పరిగెత్తారో తర్వాత ముగ్గురిలో ఎవరికీ గుర్తు లేదు. నల్లరాళ్ళ మీద మిరాన్ బూట్లు రెండుసార్లు జారాయి. అరచేయి చీరుకుపోయింది. సెబ్యోల్ పరిగెత్తుతూనే సంఘం పడవకి ఫోన్ చేసింది. పడవ రేవు దాటి చాలా దూరంలో ఉంది, ఇరవై నిమిషాలు పడుతుందన్నారు. చెవి పొర చిరిగిన సెబ్యోల్ నీళ్ళలో దిగకూడదు. చావు మైల ఉన్న మల్‌సున్ నీళ్ళని తాకకూడదు. మిరాన్‌కి ఈత రాదు. ఆ ఊరు మొత్తంలో సముద్రం పక్కన పుట్టి ఈత రాని ఆడది తనొక్కతే. తల్లి కోరుకున్నది అదే.

ఒడ్డు చివర ఎత్తైన రాయి మీదకి ఎక్కి చూశారు. ఎండ నీళ్ళ మీద పడి కళ్ళు చెదిరిపోతున్నాయి. దగ్గర్లో ఆరు నారింజరంగు బెండ్లు తేలుతున్నాయి. ఒక్కో బెండు కింద ఒక వలసంచి, దాని దగ్గర్లో ఒక మనిషి ఉండాలి. ఏడోది చాలా దూరంగా, బయటి రాయి పక్కన, అలకి పైకి లేస్తూ పడుతూ కనిపించింది. దాని మీద తెల్లగుడ్డ కట్టి ఉంది. పెద్దక్క బెండుకి తప్ప ఎవరి బెండుకీ తెల్లగుడ్డ ఉండదు.

దాని దగ్గర తల కనిపించడం లేదు.

"దిగి ఉంటుంది. లెక్కపెట్టు పిన్నీ," అంది మిరాన్. అని, తనే లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు, ఎప్పుడు దిగిందో తెలియదు. అయినా ఒకటి, రెండు అంటూ పోయింది. దగ్గర్లో ఒకామె తేలి పొడుగ్గా ఈల వేసింది. బిగబట్టిన ఊపిరి ఒక్కసారిగా వదిలితే వచ్చే ఈల అది. ఇంకొకామె వేసింది. మల్‌సున్ ఏ ఈలకీ తల తిప్పలేదు. "అది నాలుగో పీట. అది ఆరో పీట," అని గొణుక్కుంటోంది. ఒక్కొక్కరి ఈల ఒక్కో రకం. ముప్పై ఏళ్ళు విన్న చెవికి చూడక్కర్లేదు.

యాభై ఎనిమిది. యాభై తొమ్మిది.

మల్‌సున్ వంగి చెప్పులు విడిచింది. పైనున్న స్వెట్టరు తీసి రాయి మీద పడేసింది.

"అత్తా, నీకు మైల!" అంది సెబ్యోల్.

"సముద్రానికి తర్వాత దణ్ణం పెట్టుకుంటాను."

ఎనభై. ఎనభై ఒకటి. మిరాన్‌కి తొంభై దగ్గర లెక్క తప్పింది. మళ్ళీ తొంభై నుంచే అందుకుంది.

అప్పుడు బయటి రాయి పక్కన నీళ్ళు చీలాయి. తెల్లగుడ్డ కట్టిన బెండుని ఒక చెయ్యి పట్టుకుంది. దాని వెనకే నల్లటి తల ఒకటి పైకొచ్చింది. గాలికి తేలి వచ్చిన ఈల వాళ్ళ చెవులని తాకింది.

"వచ్చింది!" మిరాన్ రాయి మీద కూలబడింది. ఏడుస్తూ నవ్వుతూ సెబ్యోల్ చెయ్యి పట్టుకుంది. "అమ్మే! పిన్నీ, అమ్మ తేలింది! చూడు, అమ్మ బెండే!"

మల్‌సున్ నవ్వలేదు. మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి ఉంది. తల కొంచెం పక్కకి వంచి, ఆ ఈల ఆగిపోయాక కూడా వింటూనే ఉంది. దగ్గర్లో ఉన్న బెండ్ల వైపు చూసింది. అక్కడ ఆరు బెండ్లున్నాయి. ఒక బెండు దగ్గర మాత్రం చాలాసేపటి నుంచి ఎవరూ తేలలేదు. మూడో పీట ఆవిడది. పెద్దక్క వద్దన్నా ఆమె వెనకాలే వెళ్ళినట్టుంది.

"బెండు పెద్దక్కదే," అంది మల్‌సున్. "ఊపిరి పెద్దక్కది కాదు."